సంతాన చికిత్సకు వెళ్ళే ముందు ఇద్దరూ కలిసి తేల్చుకోవలసినవి

కొంతకాలంగా ఈ శీర్షికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వస్తున్న ఉత్తరాల్లో సంతాన చికిత్స మొదలుపెట్టబోతున్న దంపతుల ప్రశ్నలే ఎక్కువగా ఉంటున్నాయి. వాటిలో నాలుగింటిని ఎంచుకుని ఈ సంచికలో స్థలమంతా వాటికే కేటాయిస్తున్నాను. పేర్లు, ఊళ్ళు తెలియకుండా జాగ్రత్తపడ్డాను. మొదటి జవాబు పొడవుగా ఉంటుంది. విడిగా జవాబు అందని పాఠకులు అడిగిన చాలా విషయాలు అందులోనే వచ్చాయి కనుక దయచేసి దానిని పూర్తిగా చదవండి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో ఒక పల్లె. నాకు 31 ఏళ్ళు, మావారికి 35. పెళ్ళయి నాలుగేళ్ళయినా సంతానం లేదు. నాకు నెలసరి 45 రోజులకొకసారి, ఒక్కోసారి రెండు నెలలకు గాని రాదు. పీసీఓడీ (అండాశయాల్లో చిన్న నీటి బుడగల వంటివి చేరి అండం సరిగా విడుదల కాని ఇబ్బంది) అని కావలిలో చెప్పి మాత్రలు రాస్తే ఏడాదిపాటు వాడాను. వాడినంత కాలం నెలసరి సరిగ్గా వచ్చింది గాని గర్భం రాలేదు. మావారికి రొయ్యల గుంటలు ఉన్నాయి. పని వదిలి రాలేక ఆయన ఇంతవరకు ఒక్క పరీక్ష కూడా చేయించుకోలేదు. ఇంక ఆలస్యం చేయకుండా నెల్లూరులో సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళి ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భాశయంలో పెట్టే పద్ధతి) చేయించుకోమని మా వదిన అంటున్నారు. మొదలుపెట్టే ముందు మేమిద్దరం ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు మాట్లాడవలసింది మీవారి పరీక్ష గురించి. సంతానం కలగని దంపతుల్లో దాదాపు సగం మందిలో పురుషుని వైపు కారణం, విడిగా గాని, స్త్రీ వైపు కారణంతో కలిసి గాని ఉంటుంది. అయినా మన ఇళ్ళలో భార్యకు రక్తపరీక్షలు, స్కానింగులు, ఏళ్ళ తరబడి మాత్రలు అన్నీ అయిపోయిన తరువాతే భర్త వంతు వస్తుంది. వీర్య పరీక్షకు సూది అక్కరలేదు, మత్తు అక్కరలేదు, ఖర్చు కూడా మిగతా పరీక్షలతో పోలిస్తే చాలా తక్కువ. దానిని చివరికి నెట్టడానికి వైద్యపరంగా ఒక్క కారణం కూడా లేదు. రొయ్య పిల్లను వదిలే ముందు గుంటలో నీటి ఉప్పదనమూ, పీహెచ్ చూడకుండా ఏ రైతూ పెట్టుబడి పెట్టడు; మీవారికి ఈ మాట మీరే చెబితే తేలికగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం. మొదటిసారి కేంద్రానికి వెళ్ళే రోజున ఇద్దరూ కలిసి వెళ్ళి, ఒకే గదిలో, ఒకే సమయంలో డాక్టరు ముందు కూర్చోండి. ఆ ఒక్క పని చేస్తే తరువాత రాబోయే అపార్థాల్లో చాలా భాగం తప్పుతుంది.

ఇక మీరు ఏడాదిపాటు వాడిన మాత్రల విషయం. అవి ఏమిటో మీరు రాయలేదు. పీసీఓడీ ఉన్నవారికి నెలసరి క్రమపరచడానికి ఇచ్చే మాత్రల్లో ఎక్కువ భాగం గర్భనిరోధక మాత్రలే. అవి వాడుతున్నంత కాలం నెలసరి ఠంచనుగా వస్తుంది, కాని అండం విడుదల కాదు, గర్భం వచ్చే అవకాశమూ ఉండదు. మొటిమలు, అవాంఛిత రోమాలు, అధిక రక్తస్రావం వంటి ఇబ్బందులకు వాటి ఉపయోగం వాటికి ఉంది గాని, బిడ్డ కోసం ఎదురుచూస్తున్న స్త్రీ అవి ఎందుకు ఇస్తున్నారో తెలియకుండా ఏడాది గడిపివేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ పాత చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు ఏవైనా మిగిలి ఉంటే తప్పకుండా తీసుకువెళ్ళి చూపించండి. మీరు వాడినవి నిజంగా ఆ మాత్రలే అయితే, ఆ ఏడాదిని ప్రయత్నించిన కాలంలో లెక్కవేయకూడదు, “మందులు పనిచేయలేదు” అని నిరాశపడవలసిన అవసరమూ లేదు.

అందువల్లనే మీరు నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్ళాలని ముందే నిర్ణయించుకోవద్దని నా సలహా. అండం సక్రమంగా విడుదల కాకపోవడమే మీ ఇబ్బంది అయి, గర్భనాళాలు తెరిచి ఉండి, మీవారి పరీక్ష బాగా వస్తే, అండం విడుదలకు తోడ్పడే లెట్రోజోల్ వంటి మాత్రలను నెలసరి రెండవ లేదా మూడవ రోజు నుంచి ఐదు రోజులపాటు ఇచ్చి, అండం ఎదుగుదలను చూసే ఫాలిక్యులర్ స్కానింగులతో గమనిస్తూ కొన్ని నెలలు చూడడమే సాధారణంగా మొదట చేసే చికిత్స. అది ఫలించకపోతే ఐయూఐ (శుద్ధి చేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం), ఆ తరువాత ఐవీఎఫ్ ఆలోచనకు వస్తాయి. నాళాలు రెండూ మూసుకుపోయినప్పుడు, వీర్యకణాలు మరీ తక్కువగా ఉన్నప్పుడు, వయసు మీరిపోతున్నప్పుడు ఐవీఎఫ్‌కు ముందుగానే వెళ్ళడం సబబు. మీకు 31 ఏళ్ళే కనుక కారణం తెలుసుకునేందుకు సమయం ఉంది. అయితే ఆ సమయాన్ని ఊరికే గడపకండి. 35 ఏళ్ళలోపు వారు ఏడాదిపాటు ప్రయత్నించి గర్భం రాకపోతే, 35 దాటినవారు ఆరు నెలలకే పరీక్షలకు వెళ్ళాలన్నది వైద్యులు పాటించే నియమం. మీ మాదిరిగా నెలసరి క్రమం తప్పినవారు ఆ మాత్రం కూడా ఆగనక్కరలేదు.

మీకు చేసే పరీక్షల్లో థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పాల హార్మోను అయిన ప్రొలాక్టిన్, మధుమేహం కోసం హెచ్‌బీఏ1సీ, రక్తశాతం, అండాశయాల స్కానింగు, ఏఎంహెచ్ సాధారణంగా ఉంటాయి. ఏఎంహెచ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క అంకె చూసుకుని రాత్రుళ్ళు నిద్రపోని వారిని ఎందరినో చూశాను. అండాశయాల్లో అండాల నిల్వ ఎంత ఉన్నదో, ఇంజెక్షన్లకు అండాశయం ఎంతగా స్పందిస్తుందో అది సూచిస్తుంది. మీకు గర్భం వస్తుందా రాదా అన్నది అది చెప్పలేదు. పీసీఓడీ ఉన్నవారిలో అది మామూలుకంటే ఎక్కువగానే ఉంటుంది. గర్భనాళాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రేను నెలసరి రక్తస్రావం ఆగిన తరువాత, అండం విడుదలకు ముందుగా తీస్తారు. కొందరికి ఆ సమయంలో పొత్తికడుపులో నొప్పి వస్తుంది. ముందుగా నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, ఆ రోజు ఒంటరిగా వెళ్ళకండి. చిన్నతనంలో గాని తరువాత గాని మీకు, ఇంట్లో దగ్గరివారికి క్షయ వచ్చి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. మన దేశంలో గర్భనాళాలు దెబ్బతినడానికి జననాంగాల క్షయ ఒక ముఖ్య కారణం. దగ్గు, జ్వరం ఏమీ లేకుండానే అది ఉండవచ్చు.

చికిత్సకు ముందు మూడు నెలల కాలాన్ని ఇద్దరూ సన్నాహానికి ఉపయోగించుకోండి. మీరు ఫోలిక్ ఆమ్లం మాత్రను గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టాలి. సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. మన మందుల దుకాణాల్లో అడిగితే తరచుగా 5 మిల్లీగ్రాముల మాత్ర చేతికిస్తారు. అది మధుమేహం ఉన్నవారికి, మునుపు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవారికి, మరికొందరికి డాక్టరు ప్రత్యేకంగా రాసే మోతాదు కనుక ఏది కావాలో అడిగి తెలుసుకుని కొనండి. గర్భంలోని బిడ్డకు హాని చేసే రుబెల్లా జబ్బుకు నిరోధకత లేదని పరీక్షలో తేలితే టీకా వేయించుకుని, తరువాత ఒక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. చికిత్స మధ్యలో ఇది గుర్తుకువస్తే ఒక నెల వృథా అవుతుంది. వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి తలసీమియాకు మీరు వాహకులా అన్న పరీక్ష కూడా ఇప్పుడే చేయించుకోవడం మంచిది, మీది మేనరికం అయితే మరీ ముఖ్యం. మీ బరువు ఎంతో రాయలేదు. అది ఎక్కువగా ఉంటే, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా అండం దానంతట అదే విడుదల కావడం మొదలయ్యే అవకాశం ఉంది. దానికి ఉపవాసాలు అక్కరలేదు. మూడుపూటలా అన్నమే తినే ఇళ్ళలో అన్నం కొంత తగ్గించి, పప్పు, గుడ్డు, చేప, ఆకుకూరలు పెంచి, వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడిస్తే సరిపోతుంది. ఆ నడకకు మీవారు కూడా వస్తే ఇద్దరికీ మేలు.

పరీక్షల సంగతి ఏ డాక్టరైనా చెబుతారు. దంపతులు తమలో తాము తేల్చుకోవలసిన విషయాలను మాత్రం ఎవరూ అడగరు, వాటివల్లనే చికిత్స మధ్యలో ఇళ్ళు కలతపడతాయి. మొదటిది డబ్బు. ఐవీఎఫ్ దాకా వెళ్తే ఒక్కసారికే ఖర్చు సాధారణంగా లక్ష రూపాయలు దాటుతుంది, ఇంజెక్షన్ల మోతాదును బట్టి అది బాగా పెరగవచ్చు. ప్యాకేజీ అని చెప్పినప్పుడు అందులో ఇంజెక్షన్లు, మత్తు, ఇక్సీ (వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ప్రవేశపెట్టడం), మిగిలిన పిండాలను శీతలీకరించడం, వాటి వార్షిక రుసుము, తరువాత వాటిని గర్భాశయంలోకి ప్రవేశపెట్టే ఖర్చు ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి సంతాన చికిత్స వర్తించదు. మీ పాలసీని ముందే చదివించుకోండి. రొయ్యల మీద ఆధారపడిన ఇంట్లో ఒక పంట దెబ్బతింటే చేతిలో ఏమీ మిగలదని నాకు తెలుసు. అందుకే ఎన్నిసార్లు ప్రయత్నించాలి, ఎంతవరకు ఖర్చుపెట్టాలి, ఏది అమ్మకూడదు, ఏది తాకట్టు పెట్టకూడదు అన్నది మనసు నిలకడగా ఉన్న ఇప్పుడే మాట్లాడుకుని రాసిపెట్టుకోండి. ఒక ప్రయత్నం విఫలమైన మరునాడు ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా చాలా కష్టం.

రెండవది, ఎవరికి చెప్పాలి అన్నది. మీ అమ్మగారికి చెప్పి అత్తగారికి దాచడం, లేదా ఆయన తన అన్నతో చెప్పి మీకు తెలియనివ్వకపోవడం మంచిది కాదు. ఇద్దరూ ఒప్పుకున్నవారికే, ఇద్దరూ ఒప్పుకున్నంత మేరకే చెప్పండి. మూడవది, మీ సొంత అండాలతో గాని వీర్యంతో గాని వీలుకాదని తేలితే దాత సహాయం మీకు సమ్మతమా, దత్తత మీ ఆలోచనలో ఉన్నదా అన్నది. ఇప్పుడే తుది నిర్ణయం అక్కరలేదు, కాని ఒకరి మనసు ఒకరికి తెలిసి ఉండాలి. ఆపరేషన్ గది బయట అడిగితే జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదది.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు చట్టం మీకు అండగా ఉంది. సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం 2021లో వచ్చి, 2022 జనవరి నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఈ చికిత్స చేసే ప్రతి కేంద్రమూ రిజిస్టరై ఉండాలి. ఐయూఐ మాత్రమే చేసేవి ఒక స్థాయి, ఐవీఎఫ్ చేసేవి మరొక స్థాయి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. చికిత్సలోని లాభనష్టాలు, దుష్ఫలితాలు, ఖర్చు, విజయావకాశాలు మీకు వివరించడం, ఇద్దరి లిఖిత సమ్మతి తీసుకోవడం, ఫిర్యాదుల విభాగం నిర్వహించడం కేంద్రం బాధ్యత. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టేలోపు ఎప్పుడైనా సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు మీకు ఉంది. చికిత్స పొందే స్త్రీ వయసు 21 దాటి 50 లోపు, పురుషుని వయసు 21 దాటి 55 లోపు ఉండాలి. మగబిడ్డే కావాలనే మాట ఎవరు ఎత్తినా అది నేరం, అలా ఆశచూపే చోట ఒక్క క్షణం కూడా ఆగవద్దు. “ఫలితం గ్యారంటీ” అనే ప్రకటనలకూ లొంగకండి. 35 ఏళ్ళలోపు స్త్రీలలో కూడా ఒక్కసారి పిండాన్ని ప్రవేశపెడితే అది ప్రసవం దాకా చేరడం మూడింట ఒక వంతుకు కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది, 40 దాటిన తరువాత బాగా తగ్గిపోతుంది. ఈ సంగతి తెలిసి మొదలుపెట్టిన దంపతులు మొదటిసారి ఫలించకపోయినా ఒకరినొకరు నిందించుకోకుండా నిలబడగలరు.

చివరగా కాలం. ఐవీఎఫ్ అవసరమైతే రోజూ ఇంజెక్షన్లు సుమారు 10 నుంచి 12 రోజులు ఉంటాయి, రెండు మూడు రోజులకొకసారి స్కానింగుకు రావాలి. అండాలను పక్వానికి తెచ్చే చివరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చిన 34 నుంచి 36 గంటల లోపల అండాలను మత్తు ఇచ్చి బయటకు తీస్తారు. ఆ ఇంజెక్షన్ వేళ గంట కూడా తప్పకూడదు. అండాలు తీసే రోజునే భర్త వీర్యం ఇవ్వాలి. గుంటల్లో రొయ్య పట్టుబడికి వచ్చే వారాల్లో ఇది పడకుండా నెలను ముందుగానే ఎంచుకోండి. ఆందోళన వల్ల ఆ రోజు నమూనా ఇవ్వలేకపోయేవారు చాలామంది ఉంటారు. ముందే ఒక నమూనాను శీతలీకరించి ఉంచే వీలుంది కనుక ఆ సంగతి అడగడానికి మీవారు సిగ్గుపడనవసరం లేదు.

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు ప్రాంతం, పొగాకు వ్యవసాయం. పెళ్ళయి రెండున్నరేళ్ళు. మార్చి నెలలో, బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాలుస్తున్న రోజుల్లోనే, ఒంగోలులో వీర్య పరీక్ష చేయించుకున్నాను. మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు, కదలిక 28 శాతం అని వచ్చింది. అంతకు నెల ముందు నాకు విషజ్వరం వచ్చి తగ్గింది. ఖైనీ అలవాటు ఉంది. ఒక స్నేహితుడు మగ హార్మోను ఇంజెక్షన్లు వేయించుకుంటే కణాలు పెరుగుతాయని చెప్పాడు. ఈ రిపోర్టు నా భార్యకు ఇంకా చూపించలేదు. ఏం చేయమంటారు?

జవాబు: బాబూ, ముందుగా ఆ ఇంజెక్షన్లు వద్దు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించుకుంటే వృషణాలను పనిచేయించే మెదడులోని హార్మోనులు తగ్గిపోయి, ఉన్న కణాలు కూడా పడిపోతాయి. కొందరిలో పూర్తిగా ఆగిపోతాయి. కండలు పెంచడానికి వ్యాయామశాలల్లో ఇచ్చే ఇంజెక్షన్లకూ ఇదే వర్తిస్తుంది.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు ఒక కోటి 60 లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం అన్నవి దిగువ హద్దులు. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన పురుషులను పరీక్షించి, వారిలో అట్టడుగున ఉన్న 5 శాతం మంది ఎక్కడున్నారో చూసి వేసిన గీత అది. అంటే ఆ గీతకు కింద ఉన్నవారిలో కూడా తండ్రులైనవారు ఉన్నారు. మీ అంకెలు తక్కువే, కాని తలుపులు మూసే అంకెలు కావు.

వీర్యకణం తయారు కావడానికి 70 రోజులకు పైగా పడుతుంది, అది బయటకు రావడానికి మరికొన్ని రోజులు. అందుచేత ఈ రోజు ఇచ్చిన నమూనా సుమారు మూడు నెలల కిందటి మీ ఒంటి పరిస్థితిని కూడా చూపిస్తుంది. మీకు జ్వరం వచ్చింది, దాని వెంటనే బ్యారన్ దగ్గర రాత్రింబవళ్ళు వేడిలో ఉన్నారు. వృషణాలకు శరీరపు వేడికంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటేనే అవి సరిగా పనిచేస్తాయి; జ్వరమూ, పనిచోట వేడీ రెండూ కణాలను తగ్గిస్తాయి. బ్యారన్ పని ముగిసిన మూడు నెలలకు, మధ్యలో జ్వరం రాకుండా ఉంటే, అదే ప్రయోగశాలలో మళ్ళీ పరీక్ష చేయించుకోండి. పరీక్షకు ముందు కలయికకు రెండు రోజులకు తక్కువ, ఏడు రోజులకు ఎక్కువ కాని విరామం ఉండాలి. నమూనా అక్కడే ఇవ్వగలిగితే మేలు. ఇంటి దగ్గర తీసుకుంటే గంటలోపు, చొక్కా లోపల ఒంటి వెచ్చదనంలో ఉంచి చేర్చాలి. మామూలు నిరోధ్‌లో పట్టిన నమూనా పనికిరాదు. కొంత నమూనా కింద పోతే దాచకుండా చెప్పండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఈలోగా ఖైనీ మానండి. పురుగుమందు కొట్టేటప్పుడు చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు, ఒంటినిండా బట్ట ఉండాలి, పని కాగానే స్నానం చేయాలి. వచ్చే ఏడు బ్యారన్ దగ్గర ఎక్కువ గంటలు గడపవలసిన పనిని మరొకరితో పంచుకునే వీలు చూడండి. కణాలు పెంచుతాయని అమ్మే ఖరీదైన పొడుల మీద డబ్బు పోయవద్దు. వృషణాల దగ్గర నరాలు ఉబ్బి ఉన్నాయా అని యూరాలజిస్టు చేత్తో పరీక్షించి చూడాలి. ఉబ్బు చేతికి తెలిసేంతగా ఉంటే శస్త్రచికిత్స పనికివస్తుందేమో ఆయనే చెబుతారు. మళ్ళీ చేసిన పరీక్షలో కూడా తక్కువే వస్తే ఎంత తక్కువ అన్నదాన్ని బట్టి ఐయూఐ గాని, ఒక్కొక్క కణాన్ని ఒక్కొక్క అండంలోకి నేరుగా ప్రవేశపెట్టే ఇక్సీ గాని సూచిస్తారు. ఇక్సీ 1992 నుంచి ఉన్న పద్ధతి. కణాలు బాగా తక్కువ ఉన్నవారికి అది దారి చూపింది.

రిపోర్టును ఈ రోజే మీ భార్యకు చూపించండి. మీరు దాచిన ప్రతి నెలా ఆమె తనలోనే లోపం ఉందనుకుంటూ గడుపుతోంది, బంధువుల మాటలు పడుతోంది. పరీక్ష చేయించుకున్న మీ తెగువ నాకు నచ్చింది. చాలామంది అంతవరకు కూడా రారు. ఆ తెగువనే మరొక్క అడుగు ముందుకు తీసుకువెళ్ళండి.

ప్రశ్న: అమ్మా, నేను కోవూరు దగ్గర పల్లెలో ఉంటాను, నాకు 58 ఏళ్ళు. మా అబ్బాయి, కోడలు సంతానం కోసం చికిత్స మొదలుపెడతామని నాతో చెప్పారు. కోడలి కోసం నేను రొట్టెల పండుగలో సంతాన రొట్టె తీసుకున్నాను, జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కుకున్నాను. మా బంధువు ఒకామె నాటుమందు ఇప్పిస్తానంటోంది. కోడలిని పెళ్ళిళ్ళకు, సీమంతాలకు పిలవగానే ఏదో ఒక మాట అంటున్నారు. పెద్దదాన్నిగా నేను ఎలా ఉండాలో చెప్పండి.

జవాబు: ఈ ప్రశ్న అడిగిన అత్తగారు ఇంట్లో ఉండడమే మీ కోడలికి కొండంత అండ. మీ మొక్కులు, మీ నమ్మకం మీవి. వాటిని వదులుకోమని ఏ డాక్టరూ చెప్పనక్కరలేదు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో కోరిక తీరినవారు రొట్టె ఇస్తే, కోరిక ఉన్నవారు అందుకుంటారు. కులం, మతం చూడకుండా ఎందరో తల్లులు ఆ నీళ్ళలో నిలబడతారు. ఆ నమ్మకం మనసుకు బలం ఇస్తుంది. అది చికిత్సకు అడ్డు రాదు, చికిత్స దానికి అడ్డు రాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఇంజెక్షన్లు నడుస్తున్న రోజుల్లో కోడలి చేత కటిక ఉపవాసాలు చేయించవద్దు, డాక్టరు చెప్పిన తేదీని ముహూర్తం కోసం మార్పించవద్దు.

నాటుమందు విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. అందులో ఏమున్నదో ఇచ్చేవారికే తెలియదు. పేరు లేని పొడుల్లో, పసర్లలో సీసం, పాదరసం వంటి లోహాలు, స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు. అవి ఆమె కాలేయానికి, మూత్రపిండాలకు, ఇప్పుడు వాడుతున్న మందులకు హాని చేస్తాయి. ఎంత దగ్గరి బంధువు ఇచ్చినా వద్దనండి, ఆ వద్దనడం మీ నోటి నుంచే రావాలి. కోడలు అంటే పొగరంటారు, మీరంటే ఎవరూ ఎదురు చెప్పరు.

సీమంతాల దగ్గర మాట అనేవారికి జవాబు కూడా మీరే చెప్పాలి. లోపం ఎవరిలో ఉన్నదో నలుగురిలో విప్పనవసరం లేదు. “అది మా ఇంటి విషయం, డాక్టరు గారు చూస్తున్నారు” అని అత్తగారు ఒక్కసారి ముక్తసరిగా చెబితే మరొకరు నోరెత్తరు. వెళ్ళడానికి ఆమెకు మనసు రాని వేడుకలుంటే బలవంతం చేయకండి. పిండాన్ని ప్రవేశపెట్టిన తరువాత ఫలితం తెలియడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ “ఏమైంది, ఏమైనా తెలిసిందా” అని అడగకుండా ఉండగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు. వాళ్ళే చెబుతారు. స్కానింగు రోజుల్లో ఇంటిపనిని, పొలం కూలీల వంటను మీరు చేతిలోకి తీసుకుని, వీలుంటే ఖర్చులో కొంత భాగం అడగకుండానే ఇవ్వండి. ఆ డబ్బును మళ్ళీ ఎప్పుడూ మాటల్లోకి తేవద్దు.

ప్రశ్న: మేము కనిగిరి దగ్గర ఉంటాము. వచ్చే నెల ఐవీఎఫ్ మొదలవుతుంది. పిండం పెట్టిన తరువాత బస్సులో ఇంటికి వస్తే జారిపోతుందని, రెండు వారాలు మంచం దిగకూడదని అందరూ భయపెడుతున్నారు. నెల్లూరులో గది అద్దెకు తీసుకోవాలా?

జవాబు: గది తీసుకోవలసింది పిండం పెట్టిన తరువాత కాదు, దానికి ముందే. ఇంజెక్షన్ల చివరి రోజుల్లో, ట్రిగ్గర్ ఇచ్చిన రాత్రి, అండాలు తీసే రోజున ఆసుపత్రికి దగ్గరగా ఉండడం అవసరం. కనిగిరి నుంచి తెల్లవారుజామున బయలుదేరి వేళకు చేరగలమన్న ధీమా పెట్టుకోవద్దు. పిండం గర్భాశయపు గోడల మధ్య ఉంటుంది, కుదుపులకు జారి బయటకు రాదు. మంచం మీదే ఉండడం వల్ల ఫలితం మెరుగుపడినట్లు పరిశోధనల్లో తేలలేదు. ఆ రోజు కాసేపు విశ్రాంతి తీసుకుని ఇంటికి వెళ్ళవచ్చు, మామూలు ఇంటిపనులు చేసుకోవచ్చు. బరువులు ఎత్తడం, విపరీతమైన శ్రమ మాత్రం మానండి. గర్భం నిలవడానికి తోడ్పడేందుకు రాసిన ప్రొజెస్టిరాన్ హార్మోను మందును, మధ్యలో కొద్దిగా రక్తం కనిపించినా సరే, డాక్టరు చెప్పేవరకు ఆపవద్దు.

ఒక్క హెచ్చరిక. అండాలు తీసిన తరువాత కొందరికి, ముఖ్యంగా పీసీఓడీ ఉన్న యువతులకు, అండాశయాలు ఎక్కువగా ఉబ్బి కడుపులో నీరు చేరుతుంది. పొట్ట వేగంగా ఉబ్బడం, ఆగని వాంతులు, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, ఒకటి రెండు రోజుల్లోనే బరువు బాగా పెరగడం కనిపిస్తే మరునాటి దాకా ఆగకుండా ఆ కేంద్రానికి ఫోను చేయండి. కనిగిరిలో గాని ఒంగోలులో గాని మరో ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే ఐవీఎఫ్ ఇంజెక్షన్లు తీసుకున్నట్లు అక్కడి డాక్టరుకు మొదటే చెప్పండి. ఇంజెక్షన్ల పేర్లు, తేదీలు రాసిన చీటీ ఒకటి మీ దగ్గర, ఒకటి మీవారి జేబులో ఉంచుకోండి.